ఓడిపోయే జట్టు, వదలని ఊరు

2018 జనవరి 6న క్లీవ్‌లాండ్‌లో ఒక ఊరేగింపు జరిగింది. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న నగరం అది. ఎముకలు కొరికే చలిలో వేలమంది తమ ఫుట్‌బాల్ స్టేడియం చుట్టూ నడిచారు. స్టేడియం చుట్టూనే ఎందుకంటే, అలా గుండ్రంగా తిరిగితే సున్నా గీసినట్టు ఉంటుందని. ఆ సీజన్‌లో వాళ్ల జట్టు క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 16 మ్యాచ్‌లు ఆడి పదహారూ ఓడిపోయింది. అంతకు ముందు సీజన్‌లో 16కి ఒక్కటే గెలిచింది. ఈ ఊరేగింపు పేరు మీద స్థానిక ఫుడ్ బ్యాంకుకు విరాళాలు కూడా వచ్చాయి. కొందరు ఆటగాళ్లు మాత్రం దీన్ని అవమానంగా భావించి బాహాటంగానే కోప్పడ్డారు.

ఓడిపోయినందుకు ఊరేగింపు ఏమిటి? అంత విసిగిపోయినవాళ్లు జట్టును వదిలేయొచ్చు కదా? బయటివాళ్లకు వచ్చే మొదటి ప్రశ్న ఇదే. పిచ్చి అభిమానం అనో, అలవాటు అనో జవాబు చెప్పేసి ముందుకు వెళ్లిపోవచ్చు. కానీ ఆ జవాబు సరిపోదని నేను అనుకుంటున్నాను. సొంత ఊరి జట్టు అన్నప్పుడు అందులో మూడు పోగులు కలిసి ఉంటాయి: మైదానంలో ఆడే జట్టు, దాన్ని కొనుక్కున్న యజమాని, దాని పేరు మోసే ఊరు. మామూలు రోజుల్లో ఈ మూడూ విడివిడిగా కనపడవు. క్లీవ్‌లాండ్‌లో మాత్రం వీటిని విడదీసి చూడక తప్పని పరిస్థితి పదేపదే వచ్చింది. అందుకే ఈ వ్యవహారం అర్థం చేసుకోవడానికి అంతకన్నా మంచి ఊరు నాకు తెలియదు.

ముందుగా ఒక చిన్న వివరణ. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడే సాకర్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, పట్టుకుని పరుగెడుతూ ఆడే అమెరికన్ ఆట. నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి, లేకపోతే బంతి అవతలి జట్టుకు పోతుంది. బంతిని ఎవరికి ఇవ్వాలో, ఎప్పుడు విసరాలో నిర్ణయించేవాడు క్వార్టర్‌బ్యాక్. ఈ ఒక్క స్థానంలో సరైన మనిషి లేకపోతే మిగతా పదిమంది ఎంత బాగా ఆడినా కష్టమే. ఈ సంగతి తర్వాత మళ్లీ అవసరమవుతుంది.

ఒకప్పటి విజేతలు

బ్రౌన్స్ పుట్టుకతోనే ఓడే జట్టు కాదు. 1946లో వేరే లీగ్‌లో మొదలైంది. మొదటి కోచ్ పాల్ బ్రౌన్ పేరే జట్టుకు పెట్టారు. ఆ లీగ్ నడిచిన నాలుగేళ్లూ విజేత బ్రౌన్సే. ఆ లీగ్ మూతపడి 1950లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లోకి, అంటే ఎన్ఎఫ్ఎల్‌లోకి వచ్చిన మొదటి సీజన్‌లోనే మళ్లీ టైటిల్ కొట్టింది. 1954లో, 1955లో గెలిచింది. 1964 డిసెంబర్ 27న బాల్టిమోర్ కోల్ట్స్‌ను 27-0తో చిత్తు చేసింది. అదే ఆఖరి టైటిల్. ఆ తర్వాత రెండేళ్లకు సూపర్ బౌల్ అనే ఫైనల్ పద్ధతి మొదలైంది. ఇన్ని దశాబ్దాల్లో బ్రౌన్స్ ఆ ఫైనల్‌కు ఒక్కసారి కూడా చేరలేదు.

అదే కాలంలో ఊరు కూడా దిగజారింది. 1950లో క్లీవ్‌లాండ్ జనాభా 9 లక్షల 14 వేలు. 2020 లెక్కల్లో 3 లక్షల 72 వేలు. ఉక్కు ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జనం శివార్లకో వేరే రాష్ట్రాలకో వెళ్లిపోయారు. 1969లో కాలుష్యంతో నిండిన కయహోగా నది మీద మంటలు లేచి దేశమంతా ఈ ఊరి గురించి మాట్లాడుకుంది. 1978 డిసెంబర్‌లో బ్యాంకు అప్పులు తీర్చలేక నగర పాలక సంస్థ చేతులెత్తేసింది. జట్టు ఓటమి, ఊరి ఓటమి ఒకే కాలంలో నడిచాయి. అందుకే ఇక్కడివాళ్లు వాటిని విడదీసి తలుచుకోలేరు.

1980ల్లో ఆశ పుట్టింది. స్టేడియంలో తూర్పు వైపు చౌక టికెట్ల బెంచీల దగ్గర జనం కుక్క మాస్కులు పెట్టుకుని మొరగడం, కుక్క బిస్కెట్లు విసరడం అప్పుడే మొదలైంది. 1985లో ప్రాక్టీసులో హాన్‌ఫర్డ్ డిక్సన్, ఫ్రాంక్ మినిఫీల్డ్ అనే ఇద్దరు ఆటగాళ్లు తోటివాళ్లను ఉత్సాహపరచడానికి మొరిగితే అభిమానులు దాన్ని అందిపుచ్చుకున్నారు. ఆ బెంచీలకు డాగ్ పౌండ్ అన్న పేరు స్థిరపడింది.

తర్వాత వరుసగా రెండు దెబ్బలు తగిలాయి. 1987 జనవరి 11న సూపర్ బౌల్‌కు ముందు మ్యాచ్. డెన్వర్ బ్రాంకోస్ మీద 20-13 ఆధిక్యం, అయిదున్నర నిమిషాల ఆట మిగిలింది, డెన్వర్ తన గోల్ లైన్‌కు రెండు గజాల దూరంలో ఇరుక్కుపోయి ఉంది. అక్కడి నుంచి జాన్ ఎల్వే అనే క్వార్టర్‌బ్యాక్ జట్టును 98 గజాలు నడిపించి, 37 సెకన్లు ఉండగా స్కోరు సమం చేశాడు. అదనపు సమయంలో డెన్వర్ గెలిచింది. క్లీవ్‌లాండ్‌లో ఇప్పటికీ దాన్ని 'ది డ్రైవ్' అంటే చాలు, వివరణ అక్కర్లేదు.

ఏడాది తిరగగానే అదే దశలో అదే డెన్వర్‌తో మ్యాచ్. సగం ఆటకు 21-3తో వెనకపడ్డ బ్రౌన్స్‌ను పైకి లాగినవాడు ఎర్నెస్ట్ బైనర్. పరుగెత్తి, పాస్‌లు అందుకుని ఆ రోజు 187 గజాలు సంపాదించాడు, రెండు టచ్‌డౌన్లు చేశాడు, అంటే రెండుసార్లు బంతిని గోల్ లైన్ దాటించాడు. 38-31 దగ్గర, నిమిషం పైచిలుకు మిగిలి ఉండగా, స్కోరు సమం చేసే పరుగులో గోల్ లైన్ ముంగిట అతని చేతిలోంచి బంతి జారిపోయింది. మరో ఆటగాడు అడ్డుకోవాల్సిన ప్రత్యర్థిని అడ్డుకోలేదని కోచ్ తర్వాత చెప్పాడు. కానీ చరిత్రలో మిగిలింది బైనర్ పేరే. ఆ సంఘటన పేరు 'ది ఫంబుల్', అంటే బంతి జారవిడవడం.

అభిమానుల సంగతి తెలియాలంటే బైనర్‌ను తర్వాత వాళ్లు ఎలా చూశారో చూడాలి. అతను వాషింగ్టన్ జట్టుకు వెళ్లి అక్కడ సూపర్ బౌల్ గెలిచాడు. 1994లో మళ్లీ క్లీవ్‌లాండ్‌కు వచ్చాడు. 1995 డిసెంబర్ 17న పాత బ్రౌన్స్ సొంతూరిలో ఆడిన ఆఖరి మ్యాచ్ అయిపోగానే స్టాండ్స్ దగ్గరికి వెళ్లి అభిమానులను కౌగిలించుకున్న ఆటగాళ్లలో బైనర్ ముఖ్యుడు. బంతి జారవిడిచిన మనిషిని ఆ ఊరు అక్కున చేర్చుకుంది. అసలు కోపం వేరే మనిషి మీద ఉంది.

పేరు ఎవరిది?

ఆ మనిషి జట్టు యజమాని ఆర్ట్ మోడెల్. 1961లో జట్టును కొన్నాడు. 1995 నవంబర్ 6న, జట్టును బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్టు ప్రకటించాడు. మర్నాడే పోలింగ్. స్టేడియం బాగు చేయడానికి మద్యం, సిగరెట్ల మీద పన్ను కొనసాగించాలా అన్న ప్రశ్నకు కౌంటీ (మన జిల్లా లాంటిది) ఓటర్లు భారీ మెజారిటీతో సరే అన్నారు. జట్టు పోతోందని తెలిసి కూడా వేసిన ఓట్లు అవి.

మోడెల్ వైపు వాదన కూడా ఉంది. ఆయన అప్పుల్లో ఉన్నాడు. 1931 నాటి పాత స్టేడియాన్ని ఆయన కంపెనీయే నడిపేది. 1994లో బేస్‌బాల్ జట్టుకు, బాస్కెట్‌బాల్ జట్టుకు ప్రజల డబ్బుతో కొత్త వేదికలు కట్టారు. ఆ బేస్‌బాల్ జట్టు వెళ్లిపోవడంతో ఆయనకు అద్దె ఆదాయం పోయింది. బాల్టిమోర్ మాత్రం కొత్త స్టేడియం కట్టిస్తామని పిలిచింది. బాల్టిమోర్ కథ కూడా బాధాకరమే. 1984 మార్చిలో ఒక రాత్రి వాళ్ల కోల్ట్స్ జట్టు సామాను లారీలకెక్కించుకుని ఇండియానాపొలిస్ వెళ్లిపోయింది. ఆ దెబ్బ తిన్న ఊరే మరో ఊరి జట్టును తెచ్చుకుంది.

క్లీవ్‌లాండ్ ఊరుకోలేదు. 1998 వరకు స్టేడియంలో ఆడతామన్న ఒప్పందం ఉందని నగరం కోర్టుకెక్కింది. దేశం నలుమూలల నుంచి అభిమానులు లీగ్ ఆఫీసుకు ఫ్యాక్సులు పంపారు. చివరికి 1996 ఫిబ్రవరిలో రాజీ కుదిరింది. ఆటగాళ్లను, సిబ్బందిని మోడెల్ తీసుకుపోవచ్చు. కానీ బ్రౌన్స్ అనే పేరు, రంగులు, గెలిచిన టైటిళ్లు, రికార్డులు అన్నీ క్లీవ్‌లాండ్‌లోనే ఉండిపోతాయి. 1999 కల్లా అదే పేరుతో కొత్త జట్టు ఆడాలి. బాల్టిమోర్ జట్టు రేవెన్స్ అని కొత్త పేరు పెట్టుకుంది.

అమెరికన్ క్రీడల్లో ఇది చిన్న విషయం కాదు. జట్టు అనే కంపెనీ యజమానిదే. కానీ ఆ పేరు కింద పోగుపడిన జ్ఞాపకాలు, రంగులు, చరిత్ర యజమాని మూటగట్టుకుని పోయే సరుకు కాదని కాగితం మీద రాయించుకోగలిగారు. అభిమానులు దేనికి కట్టుబడి ఉన్నారో అక్కడ స్పష్టంగా బయటపడింది. జట్టులోని 53 మంది అటు వెళ్లిపోతే వాళ్ల వెంట ఎవరూ వెళ్లలేదు. మూడేళ్లు ఖాళీగా కూర్చున్నారు. ఆ తరలిపోయిన జట్టు 2001 జనవరిలో సూపర్ బౌల్ గెలిచింది. క్లీవ్‌లాండ్ జనానికి అది తమ గెలుపు కాలేదు. గెలుపే కావాల్సివస్తే రేవెన్స్‌ను అభిమానించడం ఎంత తేలిక!

అదే 1996లో ఒహాయో ఒక చట్టం చేసింది. ప్రజల డబ్బుతో నడిచే స్టేడియంలో ఆడే జట్టు ఊరు మారాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి, కొనుక్కునే అవకాశం స్థానికులకు ఇవ్వాలి. దీన్ని మోడెల్ చట్టం అంటారు. ఒహాయో రాజధాని కొలంబస్‌లోని సాకర్ జట్టు క్రూను టెక్సాస్‌కు తరలించాలని చూసినప్పుడు, 2018లో ఈ చట్టం పేరుతోనే ప్రభుత్వం కోర్టుకు వెళ్లింది, అభిమానులు ఉద్యమం నడిపారు, జట్టు ఆగింది. కొత్తగా కొన్నవాళ్లలో బ్రౌన్స్ యజమానులైన హాస్లమ్ కుటుంబం కూడా ఉంది. ఆ క్రూ 2020లో, 2023లో లీగ్ కప్పు గెలిచింది.

ఓటమి ఎందుకు ఆగదు?

1999 సెప్టెంబర్‌లో కొత్త బ్రౌన్స్ మొదటి మ్యాచ్ ఆడింది. పక్క ఊరి ప్రత్యర్థి పిట్స్‌బర్గ్ స్టీలర్స్ చేతిలో 43-0తో ఓడింది. అప్పటి నుంచి 2023 సీజన్ దాకా ప్లేఆఫ్స్‌కు, అంటే సీజన్ చివరి నాకౌట్ పోటీలకు, చేరింది మూడే సార్లు, అక్కడ గెలిచింది ఒక్క మ్యాచ్. 2021 జనవరిలో పిట్స్‌బర్గ్ గడ్డ మీదే స్టీలర్స్‌ను 48-37తో ఓడించారు.

వింత ఏమిటంటే, ఎన్ఎఫ్ఎల్ నిబంధనలన్నీ ఓడేవాళ్లను లేపడానికే ఉన్నాయి. సీజన్‌లో చిట్టచివర నిలిచిన జట్టుకే కాలేజీల నుంచి వచ్చే కొత్త ఆటగాళ్లలో మొదటివాడిని ఎంచుకునే హక్కు ఉంటుంది. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. 1994 నుంచి జీతాల మీద పరిమితి ఉంది కాబట్టి డబ్బున్న జట్టు అందరినీ కొనేయలేదు. టీవీ హక్కుల డబ్బు 32 జట్లకూ సమానంగా పంచుతారు. ఇంత సాయం ఉండి కూడా ఒక జట్టు పాతికేళ్లు లేవలేకపోయిందంటే తప్పు నిబంధనల్లో లేదు, నిర్వహణలో ఉంది.

డ్రాఫ్ట్‌లో మొదటి ఎంపిక ఉంటే చాలదు, ఎంచుకున్న కుర్రాడిని ఓపిగ్గా తయారు చేయాలి. బ్రౌన్స్ 2007లో బ్రేడీ క్విన్, 2012లో బ్రాండన్ వీడెన్, 2014లో జానీ మాంజియెల్ అనే ముగ్గురు క్వార్టర్‌బ్యాక్‌లను 22వ ఎంపికతోనే తీసుకుంది. ముగ్గురిలో ఒక్కరూ నిలబడలేదు. 1999 నుంచి ఆ స్థానంలో మ్యాచ్ మొదలుపెట్టినవాళ్లు నలభై మందికి పైగా ఉన్నారు. కోచ్‌లూ అంతే. ఒక కోచ్ తన పద్ధతికి సరిపోయే ఆటగాళ్లను ఏరుకుంటాడు, రెండేళ్లకు ఆయన్ను తీసేస్తారు, కొత్త కోచ్‌కు ఆ ఆటగాళ్లు పనికిరారు. మళ్లీ మొదటికి వస్తుంది. రెండు గంటల దూరంలో ఉన్న పిట్స్‌బర్గ్ 1969 నుంచి 2025 సీజన్ దాకా ముగ్గురే కోచ్‌లతో నడిచింది. నన్ను అడిగితే, ఈ రెండు ఊళ్ల మధ్య తేడా అంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది.

ఇక డబ్బు సంగతి. ఎన్ఎఫ్ఎల్ జట్ల లెక్కలు సాధారణంగా బయటికి రావు. గ్రీన్ బే ప్యాకర్స్ ఒక్కటే మినహాయింపు. దానికి ఒక్క యజమాని ఉండడు, అయిదు లక్షలకు పైగా వాటాదారులు ఉన్నారు. అందుకని ఏటా లెక్కలు చెబుతుంది. 2025 మార్చితో ముగిసిన సంవత్సరంలో లీగ్ నుంచి దానికి వచ్చిన వాటా 43 కోట్ల డాలర్లకు పైనే. పంపకం సమానం కాబట్టి ఒక్క టికెట్ అమ్మకముందే ప్రతి జట్టుకూ ఆ స్థాయిలో డబ్బు వస్తుంది. యూరప్ సాకర్‌లోలా అడుగున ఉన్న జట్టును కింది లీగ్‌కు పంపడం ఇక్కడ లేదు. కాబట్టి పదహారూ ఓడినా యజమానికి నష్టం తక్కువ. ఓటమి భారం దాదాపు పూర్తిగా అభిమాని మీదే పడుతుంది. నన్ను ఎక్కువగా బాధపెట్టే విషయం ఇదే.

మరి ఎందుకు ఉంటారు?

1976లో రాబర్ట్ చాల్దీనీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడు అమెరికన్ విశ్వవిద్యాలయాల్లో సోమవారం క్లాసులకు వచ్చే విద్యార్థులు ఏం వేసుకున్నారో గమనించారు. వారాంతంలో కాలేజీ జట్టు గెలిస్తే కాలేజీ పేరున్న బట్టలు ఎక్కువ కనిపించాయి. ఎదుటివాళ్ల గెలుపు వెలుగులో మనమూ మెరవాలనుకోవడం మనిషి స్వభావం. ఓడినప్పుడు దూరం జరగడం కూడా స్వభావమే. కానీ అందరూ జరగరు. జట్టును తమ గుర్తింపులో భాగంగా చేసుకున్నవాళ్లు ఓడినా దూరం జరగరని 1990లో డేనియల్ వాన్, నైలా బ్రాన్స్‌కోంబ్ చేసిన అధ్యయనం చూపించింది. జట్టు చొక్కా లాంటిదైతే మార్చుకోవచ్చు, ఇంటిపేరు లాంటిదైతే మార్చుకోలేం.

క్లీవ్‌లాండ్‌లో అది ఇంటిపేరు ఎలా అయింది? ఇళ్లలో పెద్దవాళ్ల దగ్గర నుంచి వచ్చింది. తాత 1964 చూశాడు, తండ్రి 1987 చూశాడు, కొడుకు 2017 చూశాడు. జట్టును వదలడమంటే ఆదివారాలు వాళ్లతో కూర్చుని చూసిన మ్యాచ్‌లను వదులుకోవడమే. దీనికి తోడు ఊరంతా కలిసే సందర్భం అది. మ్యాచ్ రోజు తెల్లవారుజాము నుంచే స్టేడియం దగ్గరి మున్సిపల్ పార్కింగ్ స్థలంలో, అభిమానుల భాషలో మ్యూనీ లాట్‌లో, గ్రిల్ పొయ్యిలు వెలుగుతాయి. ఆట మధ్యాహ్నం ఒంటిగంటకు. దాని ఫలితం ఎలా ఉన్నా పొద్దుటి ఆ నాలుగైదు గంటలు ఎవరూ ఓడిపోరు.

ఊరు వదిలి వెళ్లినవాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. ఉద్యోగాల కోసం ఇతర రాష్ట్రాలకు చెదిరిపోయిన క్లీవ్‌లాండ్ కుటుంబాలు ఎక్కడున్నా బ్రౌన్స్ బ్యాకర్స్ అనే క్లబ్బులు పెట్టుకుని ఏదో ఒక బార్‌లో కలిసి మ్యాచ్ చూస్తాయి. తెలుగువాళ్లకు ఇది అర్థం కాని విషయమేమీ కాదు. ఇదే క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా ఈస్టర్ రోజుల్లో త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. కావేరి ఒడ్డున పుట్టిన త్యాగరాజ పంచరత్న కీర్తనలను ఈరీ సరస్సు ఒడ్డున వందలమంది కలిసి పాడుతున్నారు. దూరం వెళ్లినకొద్దీ సొంతం అనుకున్నదాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంటాం.

మరో కారణం గురించి తక్కువ మాట్లాడతారు. ఓడే జట్టును చూసేవాళ్లు స్కోరు కన్నా పనితనాన్ని చూడటం నేర్చుకుంటారు. జో థామస్ అనే ఆటగాడు 2007లో బ్రౌన్స్‌కు వచ్చాడు. క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చేవాళ్లను అడ్డుకోవడం అతని పని. బంతి అతని చేతికి రాదు, అతని పేరు టీవీలో వినపడదు. పదకొండు సీజన్లలో ఆరుగురు ప్రధాన కోచ్‌లు మారారు, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా ఆడలేదు. అయినా గాయపడే వరకు వరుసగా 10,363 సార్లు, ఒక్కటి కూడా మానకుండా, తన చోట నిలబడ్డాడు. 2023లో ఆటలోని మహామహులకు దక్కే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. గెలుపునే చూసేవాళ్లకు జో థామస్ కనపడడు. క్లీవ్‌లాండ్‌కు కనపడ్డాడు, ప్రేమించింది కూడా.

2018 సెప్టెంబర్ 20న న్యూయార్క్ జెట్స్ మీద 21-17తో గెలిచేసరికి చివరి గెలుపుకు 635 రోజులైంది. ఆ రాత్రి నగరంలో కొత్తవాళ్లు కొత్తవాళ్లను హత్తుకున్నారు. సగటు జట్టు అభిమానికి సెప్టెంబర్ నెల గెలుపు గుర్తు కూడా ఉండదు.

ఎక్కడ ఆగాలి?

అయితే జట్టుకు కట్టుబడటం అంటే యజమాని చేసే ప్రతి పనికీ తల ఊపడం అనుకుంటే చిక్కే. 2022 మార్చిలో బ్రౌన్స్ యాజమాన్యం డెషాన్ వాట్సన్ అనే క్వార్టర్‌బ్యాక్‌ను హ్యూస్టన్ నుంచి తెచ్చుకుంది. ప్రతిఫలంగా మూడు మొదటి రౌండ్ డ్రాఫ్ట్ ఎంపికలు, మరికొన్ని ఇచ్చింది. అతనికి అయిదేళ్లకు 23 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీతో రాసింది. అప్పటికే లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణలతో ఇరవైమందికి పైగా మహిళలు అతని మీద సివిల్ దావాలు వేసి ఉన్నారు. అతను ఆరోపణలను ఖండించాడు, అభియోగాలు మోపాలో వద్దో తేల్చే పౌరుల బృందాలు, అంటే గ్రాండ్ జ్యూరీలు, క్రిమినల్ అభియోగాలు మోపలేదు. లీగ్ మాత్రం 11 మ్యాచ్‌ల నిషేధం, 50 లక్షల డాలర్ల జరిమానా వేసింది.

ఎన్నో ఓటములు భరించినవాళ్లకు కూడా ఇది మింగుడుపడలేదు. కొందరు సీజన్ టికెట్లు వదులుకున్నారు. కొందరు జట్టును మొత్తంగా వదిలేశారు. చాలామంది క్లీవ్‌లాండ్‌లో అత్యాచార బాధితులకు అండగా ఉండే కేంద్రానికి విరాళాలు పంపారు. ఆ విరాళాలు పంపినవాళ్లే అన్నిటికన్నా గట్టి అభిమానులని నా అభిప్రాయం. జట్టు పేరు ఊరిదైతే, ఆ పేరు మీద జరిగే పనికి సిగ్గుపడే హక్కు కూడా ఊరివాళ్లదే. వదిలి వెళ్లినవాళ్లను తప్పుపట్టడానికి కూడా నాకు మనసొప్పదు. ఓటమి ఒకటి, అన్యాయం వేరొకటి. మొదటిదాన్ని ఓర్చుకున్నామని రెండోదాన్ని కూడా ఓర్చుకోవాలని లేదు.

డబ్బు దగ్గర కూడా ఇదే గీత గీయాలి. హాస్లమ్ కుటుంబం సరస్సు ఒడ్డున ఉన్న స్టేడియాన్ని వదిలి, శివారు పట్టణం బ్రూక్ పార్క్‌లో పైకప్పు ఉన్న కొత్త స్టేడియం కట్టాలని నిర్ణయించింది. ఖర్చు రెండు వందల కోట్ల డాలర్లు దాటుతుంది. 2025లో ఒహాయో శాసనసభ అందుకు 60 కోట్ల డాలర్లు కేటాయించింది. ఎవరూ అడగకుండా ప్రభుత్వం దగ్గర పడి ఉన్న ప్రజల సొమ్ము నిధి నుంచి అది ఇవ్వాలని నిర్ణయించారు. అదే బడ్జెట్‌లో మోడెల్ చట్టాన్ని కూడా మార్చారు. జట్టు రాష్ట్రం దాటి పోతేనే ఇక అది వర్తిస్తుంది.

ఇలాంటి బేరాల్లో యజమాని చేతిలో ఉన్న అసలు పెట్టుబడి అభిమానం. జట్టంటే ప్రాణమిచ్చే ఊరు కాబట్టే, ఇవ్వకపోతే ఏమవుతుందో అన్న టెన్షన్ నాయకుల్లో పుడుతుంది. 1995 గాయం ఇంకా మానని ఊరిలో ఆ భయం మరింత బాగా పనిచేస్తుంది. ఆదివారం మొరిగి గొంతు పోగొట్టుకున్న మనిషి, మంగళవారం తన ప్రతినిధికి ఫోన్ చేసి ఈ డబ్బు ఎందుకిస్తున్నారని అడిగితే అందులో వైరుధ్యం ఏమీ లేదు. మైదానంలో ఓటమిని భరించడం ప్రేమ. ఖజానా తలుపు తీసిపెట్టడం ఆ ప్రేమలో భాగం కానక్కర్లేదు.

హైదరాబాద్‌కు ఏం మిగిలింది?

ఇవే మూడు పోగులు మన దగ్గర 2025లో తెగిపోయాయి. హైదరాబాద్ ఎఫ్‌సీ అనే సాకర్ జట్టు 2019లో వచ్చింది. పుణె జట్టు మూతపడితే దాని స్థానంలో వచ్చింది, అంటే మనకు దొరికింది పుణె పోగొట్టుకున్నదే. మొదటి సీజన్‌లో చిట్టచివర నిలిచింది. మూడో సీజన్‌లో, 2022 మార్చి 20న, గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీ షూటౌట్‌లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ కప్పు గెలిచింది. గోల్‌కీపర్ కట్టిమని ఆ షూటౌట్‌లో మూడు షాట్లు ఆపాడు. రెండేళ్లు తిరిగేసరికి జీతాలు ఇవ్వలేని స్థితి, పెద్ద ఆటగాళ్లు వెళ్లిపోయారు, 2023-24లో కుర్రాళ్లతో ఆడి 22 మ్యాచ్‌లకు ఒక్కటి గెలిచి మళ్లీ ఆఖరు. ఆ సీజన్‌లో కూడా గచ్చిబౌలి స్టేడియానికి వచ్చి పసుపు రంగు జెండాలు ఊపినవాళ్లు ఉన్నారు. తర్వాత యజమానులు మారారు. 2025లో జట్టు ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

ఫుట్‌బాల్ తెలియని ఊరు కాదు మనది. 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ కోచ్‌గా భారత జట్టు 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అలాంటి ఊరి నుంచి ఒక జట్టు వెళ్లిపోతే ఆపడానికి చట్టం లేదు, ముందస్తు నోటీసు నిబంధన లేదు, పేరు మాది అని కోర్టులో వాదించడానికి ఒప్పంద పత్రం లేదు. ఓడుతున్న జట్టును భరించడానికి సిద్ధపడ్డవాళ్లకు భరించే అవకాశమే లేకుండా పోయింది.

మళ్లీ ఒక పెద్ద లీగ్ జట్టు హైదరాబాద్‌కో, విశాఖకో, విజయవాడకో వస్తుంది. స్టేడియం ప్రభుత్వానిదే ఉంటుంది కాబట్టి షరతులు పెట్టే వీలు ప్రభుత్వానికి ఉంటుంది. వాటిలో ఏం ఉండాలో క్లీవ్‌లాండ్ ఎప్పుడో రాసిపెట్టింది. జట్టు వెళ్లిపోయినా పేరు, రంగులు, ట్రోఫీలు, రికార్డులు ఊరికే చెందాలి. తరలించాలంటే ఆరు నెలల ముందు చెప్పాలి, ఆ గడువులో కొనుక్కునే మొదటి అవకాశం స్థానికులకు ఇవ్వాలి. ఆటగాళ్లకు, సిబ్బందికి ఒక సీజన్ జీతాలకు సరిపడా డబ్బు ముందే డిపాజిట్ చేయాలని నేనొకటి కలుపుతాను. స్టేడియం తాళాలు చేతికిచ్చే ముందే ఈ నాలుగూ కాగితం మీదికి ఎక్కాలి.